పుట్టకమునుపే జరుగు పరీక్ష: దానిని ఏ తూనికతో తూచవలెను?

గర్భవతియైన స్త్రీ మూడవ నెల నిండుచుండగా ఆస్పత్రికి పోయినయెడల, ఈ దినములలో ఆమెను రెండు పరీక్షలు చేయించుకొమ్మని వైద్యులు చెప్పుట సామాన్యమైనది. ఒకటి స్కానింగు, రెండవది ‘డబుల్ మార్కర్’ అను రక్తపరీక్ష. కొన్ని దినములకు ఒక కాగితము చేతికి వచ్చును. దానిమీద ‘180లో 1’ అనియో, ‘2,000లో 1’ అనియో ఒక అంకె యుండును. కడుపులోని బిడ్డకు డౌన్ సిండ్రోము ఉండుటకు ఎంత అవకాశము గలదో ఆ అంకె తెలుపును. ఆ కాగితము వచ్చువరకు ఆ పరీక్ష దేనికొరకో యెరుగని దంపతులు అనేకులు. వచ్చిన తరువాత నెమ్మదిగా ఆలోచించుకొనుటకు వారికి వ్యవధి యుండదు. కావున ఆ తొందర లేని సమయములోనే ఈ సంగతిని ఆలోచించుట మనకందరికిని మేలు.

ఒక పరీక్ష మంచిదో కాదో నిర్ణయించుటకు వైద్యశాస్త్రమునకు కొన్ని కొలతలు గలవు. ఈ పరీక్ష విషయములో ఆ కొలతలు చాలునా? చాలనియెడల క్రైస్తవుడు వాటికి ఏ కొలతను చేర్చవలెను? ఇదియే మన ముందున్న ప్రశ్న.

ఈ స్థితి ఎట్టిది?

1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అను ఆంగ్ల వైద్యుడు ఈ లక్షణములు గలవారిని గూర్చి వివరించి వ్రాసెను. అందుచేత ఆయన పేరే దీనికి నిలిచినది. దీని కారణము 1959లో ఫ్రాన్సు దేశమునందు జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే, రేమండ్ టుర్పిన్ అనువారి పరిశోధన వలన బయలుపడెను. మానవుని జీవకణములలో సాధారణముగా 46 క్రోమోజోములు, అనగా 23 జతలు ఉండును. డౌన్ సిండ్రోము గలవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండును. నూటికి సుమారు 95 సందర్భములలో, అండముగాని వీర్యకణముగాని ఏర్పడునప్పుడు క్రోమోజోములు సరిగా విడిపోకపోవుటయే దీనికి హేతువు. తల్లి తినినదాని వలనగాని, గ్రహణము పట్టిన వేళ ఆమె బయటికి వచ్చుట వలనగాని ఇది కలుగదు.

తల్లి వయస్సు పెరిగినకొలది ఈ అవకాశము హెచ్చును. ఇరువది యేండ్ల తల్లికి అది సుమారు 1,500లో 1. ముప్పదియైదేండ్ల తల్లికి సుమారు 350లో 1. నలువది యేండ్లకు సుమారు 100లో 1. అయినను మన దేశములో చిన్న వయస్సు తల్లులే ఎక్కువమంది బిడ్డలను కనుచున్నారు గనుక, ‘నాకింకను చిన్న వయస్సే’ అని ఎవరును దీనిని పరుల సంగతిగా ఎంచుటకు వీలులేదు.

ఈ స్థితిని గూర్చి సత్యము చెప్పునప్పుడు దాని భారమును తగ్గించి చెప్పరాదు, పెంచియు చెప్పరాదు. ఇట్టి బిడ్డలలో ఇంచుమించు సగముమందికి గుండెలో లోపముండును. థైరాయిడు, వినికిడి, చూపు వీటిలో ఇబ్బందులు తరచుగా కలుగును. మధ్యవయస్సు దాటిన తరువాత మతిమరుపు వ్యాధి ఇతరులకంటె ముందుగా వచ్చును. నడక, మాట, చదువు ఆలస్యముగా వచ్చును. ఎంతవరకు వచ్చునో ముందుగా ఎవరును చెప్పలేరు. మరియొక ప్రక్కను చూడుడి. అమెరికా దేశములో 1983లో వీరి సగటు ఆయుష్షు సుమారు 25 ఏండ్లు. ఇప్పుడది సుమారు 60 ఏండ్లకు చేరినది. క్రోమోజోము మారలేదు. గుండె శస్త్రచికిత్సలు వచ్చినవి, వీరిని ఏదో ఒక మూలనున్న వసతిగృహములో విడిచిపెట్టక ఇంటనే పెంచు అలవాటు వచ్చినది. వారి జీవితములో ఎంత భాగము క్రోమోజోము నిర్ణయించుచున్నదో, ఎంత భాగము చుట్టునున్న మనుష్యులు నిర్ణయించుచున్నారో ఆ అంకెలో కొంత కనబడుచున్నది.

పరీక్ష చెప్పునది, చెప్పనిది

గర్భము 11 వారములు మొదలుకొని 14 వారములు నిండకముందు వరకు శిశువు మెడవెనుక చర్మము క్రింద కొద్దిపాటి నీరు చేరియుండును. డౌన్ సిండ్రోము గల శిశువులలో ఆ నీటిపొర తరచుగా మందముగా నుండును. లండనులోని కింగ్స్ కాలేజి ఆస్పత్రియందు కిప్రోస్ నికోలాయిడీస్ అను వైద్యుడు, ఆయన సహచరులు 1992లో దీనిని ప్రకటించిరి. దానినే ‘ఎన్.టి. స్కాను’ అని మన ఆస్పత్రులలో పిలుచుచున్నారు. తల్లి రక్తములోని రెండు పదార్థముల కొలతను, తల్లి వయస్సును దీనితో జోడించి ఆ ‘ఇన్నింటిలో ఒకటి’ అను అంకెను కట్టుదురు. అమెరికాలో 38,000కు పైగా గర్భవతులను పరీక్షించి 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఈ జోడింపు పరీక్ష 11వ వారమందు చేయబడినప్పుడు నూటికి 87 మంది డౌన్ సిండ్రోము శిశువులను గుర్తించెను. అయితే ఆరోగ్యవంతులైన శిశువులలోను నూటికి 5 గురిని అనుమానితుల జాబితాలో చేర్చెను.

ఆ ‘నూటికి 5’ అను మాటలో ఎంత యున్నదో ఒక లెక్క వేసికొని చూతము. పదివేలమంది గర్భవతులు పరీక్షకు వచ్చిరనియు, వారిలో 20 మంది గర్భములలోని శిశువులకు డౌన్ సిండ్రోము గలదనియు అనుకొందము. పరీక్ష నూటికి 85 పాళ్లు పట్టుకొనినయెడల ఆ 20 మందిలో 17 గురు దొరకుదురు, ముగ్గురు తప్పిపోవుదురు. మిగిలిన 9,980 మందిలో నూటికి 5 చొప్పున 499 మంది తల్లులకు అకారణముగా భయము కలుగును. అనగా ‘ప్రమాదము అధికము’ అని చెప్పబడిన 516 మంది తల్లులలో నిజముగా అట్టి శిశువు గలవారు 17 గురే; ముప్పదిమందికి ఒకరు.

ఇటీవల మరియొక పరీక్ష వచ్చినది. తల్లి రక్తములో శిశువుకు సంబంధించిన డి.ఎన్.ఎ. తునకలు తిరుగుచుండునని డెన్నిస్ లో అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1997లో కనుగొనిరి. 2011 నుండి ఆ పరీక్ష అమ్మకమునకు వచ్చినది. అది నూటికి 99 పాళ్లకు పైగా గుర్తించును. తప్పుగా అనుమానించుట వెయ్యికి ఒకటి మాత్రమే. ఇంతటి పరీక్షలో సహితము, చిన్న వయస్సు తల్లులు పదివేలమంది యుండి, వారిలో ఏడుగురి శిశువులకే డౌన్ సిండ్రోము ఉన్నయెడల, అనుమానితులు పదునేడుగురు కాగా వారిలో పదిమంది శిశువులు ఆరోగ్యవంతులే యుందురు. కావుననే ఈ పరీక్షలను వైద్యులు జల్లెడతో పోల్చుదురు. జల్లెడ వేరుచేయునుగాని తీర్పు తీర్చదు. నిశ్చయముగా తెలియవలెనన్న మాయనుండి చిన్న తునకనో, 15 వారములు దాటిన తరువాత ఉమ్మనీటినో సూదితో తీసి పరీక్షించవలెను. అందువలన గర్భస్రావము జరుగు అపాయము పూర్వము అనుకొనిన దానికంటె తక్కువేయైనను బొత్తిగా లేకపోలేదు.

జల్లెడ కాగితమును మాత్రమే చూచి గర్భమును తీసివేయించుకొనుట వైద్యశాస్త్రము దృష్టిలోనే తప్పు. ‘నీ బిడ్డ ఇట్టిది’ అని ఆ కాగితమును చూపి చెప్పువారు, వైద్యులైనను బంధువులైనను, తామెరుగని దానిని ఎరిగినట్లు సాక్ష్యము పలుకుచున్నారు.

లెక్కలో లేనిది

1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గ్రంథమును ప్రచురించెను. ప్రజలందరిలో ఒక రోగమును వెదకుటకు ఏ షరతులు కావలెనో విల్సన్, యుంగ్నర్ అను ఇరువురు అందులో పదింటిగా వ్రాసిరి. నేటికిని అవి వాడుకలో నున్నవి. పరీక్ష తగినదై యుండవలెను. ప్రజలు దానికి సమ్మతించవలెను. ఖర్చు సమంజసమైనదై యుండవలెను. ఇవి వాటిలో కొన్ని. మరియొకటి యేమనగా, రోగము కనుగొనబడినవారికి అంగీకరింపబడిన చికిత్స యుండవలెను.

క్షయరోగమును వెదకుదుము, ఏలయనగా దానికి మందు గలదు. పుట్టిన శిశువులో థైరాయిడు లోపమును వెదకుదుము, ఏలయనగా మాత్ర యిచ్చినయెడల ఆ బిడ్డ బుద్ధి కాపాడబడును. డౌన్ సిండ్రోమునకు, అనగా ఆ అదనపు క్రోమోజోమునకు, నేటివరకు చికిత్స లేదు. అట్లయిన ఈ పరీక్ష ఆ షరతును ఎట్లు నెరవేర్చుచున్నది? రెండు విధములుగా జవాబు చెప్పుదురు. దంపతులకు నిర్ణయము చేసికొను అవకాశము దొరకునని కొందరు చెప్పుదురు. ఆ బిడ్డల పోషణకు పట్టు ఖర్చు మిగులునని మరికొందరు లెక్క కట్టుదురు. మొదటి జవాబులో గౌరవింపదగినది కొంత గలదు. రెండవదానిలో రోగము తొలగింపబడుట లేదు, రోగి తొలగింపబడుచున్నాడు. వైద్యచరిత్రలో చికిత్స అను మాటకు ఈ అర్థము ఎన్నడును లేదు.

ఇది ఊహాగానము కాదు. డెన్మార్కు దేశము 2004లో గర్భవతులందరికిని ఈ పరీక్షను అందుబాటులోనికి తెచ్చెను. అంతకుముందు ఆ దేశములో ఏటా 55 నుండి 65 మంది వరకు డౌన్ సిండ్రోము శిశువులు పుట్టుచుండగా, 2005, 2006 సంవత్సరములలో ఆ సంఖ్య ముప్పదికి కొంచెము పైగా మాత్రమే యుండెను. ఎవరును అచ్చటి తల్లులను బలవంతపెట్టలేదు. ప్రతి ఒక్కరిని విడివిడిగా అడిగిరి. విడివిడి జవాబులన్నియు కలిసి ఒకే త్రోవన పోయినవి. ఆ త్రోవ ఒక్కటే వెడల్పుగా వేయబడియుండెనేమో, రెండవ త్రోవ మీద దీపములు లేకుండెనేమో విచారింపవలసియున్నది.

కారణమును కనుగొనినవారిలో ఒకడైన లెజ్యూన్ తన జీవితమంతయు ఈ బిడ్డలకు వైద్యము చేసి, చికిత్సను వెదకెను. తాను పాల్గొనిన పరిశోధన ఆ బిడ్డలను పుట్టకుండ చేయుటకు ఉపయోగపడుట చూచి ఆయన మిక్కిలి దుఃఖించి, బహిరంగముగా దానిని ఎదిరించెను. 1994లో ఆయన మరణించెను. ఆయన వెదకిన చికిత్స ఇంకను దొరకలేదు.

కనికరమను వాదము

‘ఆ బిడ్డ బాధపడకుండుటకే గదా’ అని చెప్పువారిని క్రూరులని అనుట అన్యాయము. రెండుసార్లు గుండె శస్త్రచికిత్సకు బిడ్డను అప్పగించిన తల్లి పడు వేదనను ఎరుగనివారు ఆమెకు బోధింపబోవుట తగదు. కూలిపనితో బ్రదుకు కుటుంబమునకు దినదినము ఆస్పత్రికి తిరుగుట ఎంత కష్టమో, బస్సుచార్జీలు లెక్కపెట్టుకొనువారికే తెలియును.

అయినను ఒక సంగతి గమనింపుడి. కనికరము ఎల్లప్పుడును బాధపడువానియొద్దకు పోవును, వాని బాధను తగ్గించును. బాధతో కూడ బాధపడువానిని సహితము లేకుండ చేయునది కనికరము అను పేరునకు తగదు. అదియుగాక డౌన్ సిండ్రోముతో పెరిగినవారు తమ బ్రదుకును గూర్చి చెప్పుమాట వినినయెడల, వారిలో బహుమంది తాము బ్రదికియుండుటకు సంతోషించుచున్నారు. ఇంగ్లండు దేశములో హైడీ క్రౌటర్ అను యువతి, తనవంటివారి విషయములో గర్భవిచ్ఛిత్తి చట్టము వేరు గడువు పెట్టుట అన్యాయమని న్యాయస్థానమునకు పోయెను. 2021లోను, అప్పీలుమీద 2022లోను ఆమె ఓడిపోయెను. ఆమె వ్యాజ్యము గెలువలేదు గాని, ఎవరిని గూర్చి మనము మాటలాడుచున్నామో వారే నిలువబడి మాటలాడగలరని లోకమునకు తెలిసెను.

మన దేశపు అనుభవము

ఈ విషయములో భారతీయులమైన మనకు ఇతరులకు లేని పాఠము ఒకటి గలదు. గర్భములోని శిశువు లింగమును తెలుపుట మన దేశములో నేరము. 1994లో చేయబడిన చట్టము దానిని నిషేధించినది. ఏల? ఆ జ్ఞానము ఆడుబిడ్డలను చంపుటకు వాడబడెను గనుక. అదే చట్టము క్రోమోజోము లోపములను వెదకుటకు అనుమతించుచున్నది. 1971లో చేయబడి 2021లో సవరింపబడిన గర్భవిచ్ఛిత్తి చట్టము ప్రకారము, శిశువులో గణనీయమైన లోపము గలదని వైద్యుల బోర్డు నిర్ధారించినయెడల 24 వారములు దాటిన తరువాతను గర్భమును తీసివేయవచ్చును.

రెండు సంగతులు ఒకటే అని చెప్పను. ఆడుబిడ్డగా పుట్టుట రోగము కాదు. గుండెలో రంధ్రము నిజమైన బాధ. అయినను ఆడుబిడ్డ వద్దన్నవారు చెప్పిన మాటలను జ్ఞాపకము చేసికొనుడి. ‘కట్నము ఎక్కడనుండి తేగలము? దాని బ్రదుకు కష్టముల పాలగును, ముందే తప్పించుట మేలు’ అనిరి. ఆ కష్టమును కలిగించినది బిడ్డ కాదు, కట్నము అడిగిన లోకము. లోకమును మార్చుటకు బదులు బిడ్డను తీసివేయుట అన్యాయమని మన దేశము చట్టము చేసి చెప్పినది. డౌన్ సిండ్రోము గల బిడ్డ మోయు భారములో ఏ భాగము గుండెలోనిది, ఏ భాగము చేర్చుకొననన్న పాఠశాలది, చూచి నవ్విన వీధిది, ‘మా వంశములో లేదు, నీ పుట్టింటినుండియే వచ్చినది’ అని కోడలిని నిందించిన అత్తవారిది? ఆ రెండవ భాగమునకు బిడ్డ ప్రాణము వెల కారాదు.

తెలిసికొనుట అవిశ్వాసమా?

అట్లయిన ఈ పరీక్షను విశ్వాసులు మానవలెనా? అట్లు చెప్పుటకు ఆధారము కనబడదు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనుట బుద్ధిమంతుని పనియని మన ప్రభువే ఉపమానముగా చెప్పెను. మూడవ నెల స్కానింగులో గర్భము వయస్సు సరిగా తెలియును, కవలలున్న తెలియును, బ్రదుకుటకు వీలులేని కొన్ని ఘోరమైన లోపములు తెలియును. డౌన్ సిండ్రోము గలదని నిర్ధారణయైనయెడల, గుండెవైద్యులు గల ఆస్పత్రిలో కాన్పునకు ఏర్పాటు చేసికొనవచ్చును; తల్లిదండ్రులు మొదటి దుఃఖమును కాన్పుకు ముందే అనుభవించి, బిడ్డను సంతోషముతో ఎత్తుకొనవచ్చును. జ్ఞానమునకు ఇట్టి ఉపయోగములు గలవు. పరీక్ష వద్దనుటకును దంపతులకు హక్కు గలదు. అట్లు వద్దనినవారిని అజాగ్రత్తపరులని నిందింపరాదు.

అయితే రక్తమిచ్చుటకు ముందే భార్యాభర్తలు కొన్ని ప్రశ్నలు తమలో తాము వేసికొనవలెను. ఈ పరీక్ష దేనికొరకు? అంకె భయంకరముగా వచ్చినయెడల నిర్ధారణ పరీక్షకు పోవుదుమా? అదియు అవునన్నయెడల ఏమి చేయుదుము? ఎవరితో ఆలోచింతుము? ముందుగా ఆలోచింపనివారికి భయమే ఆలోచనకర్తయగును. మరియొకటి మరువరాదు. గర్భవిచ్ఛిత్తికి చట్టము అడుగునది ఆ స్త్రీ సమ్మతినే. అత్త సమ్మతినిగాని మామ సమ్మతినిగాని కాదు. ఆమెను త్రోసి ఒప్పించినవారు ఆమె చేతితో తమ పని చేయించుచున్నారు.

గర్భములో తనను నిర్మించిన దేవుని కన్నులు రూపమేర్పడని తన పిండమును చూచినవని కీర్తనకారుడు స్తుతించుచున్నాడు. ఆ కన్నులు క్రోమోజోములను లెక్కించి కొందరిమీదనుండి తొలగిపోవునని నమ్ముటకు నాకు త్రోవ కనబడదు. కావున బిడ్డ ఇట్టిదని దానిని తీసివేయుటను క్రైస్తవ మనస్సాక్షి ఆమోదింపజాలదని నా నిశ్చయము. ఈ మాట చెప్పుటవలన ఖర్చు నా మీద పడుట లేదని, ఆ తల్లిమీద పడుచున్నదని ఎరిగియే చెప్పుచున్నాను. అందుచేతనే ఇంకొక మాట చెప్పక ఈ వ్యాసమును ముగించుట న్యాయము కాదు.

సంఘమునకు వచ్చిన పరీక్ష

పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగిరి. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. నేటికిని మన సంఘములలో అదే ప్రశ్న గుసగుసగా వినబడుచున్నంతకాలము, ఇట్టి బిడ్డను కనిన తల్లి ఆరాధనలో వెనుక వరుసలో కూర్చుండి ముందుగా వెళ్లిపోవును. భయముచేత గర్భమును పోగొట్టుకొనిన తల్లియు అచ్చటనే మౌనముగా కూర్చుండియుండవచ్చును. ఆమెకు కావలసినది నిందకాదు, ఆమెతో కూర్చుండి ఏడ్చువారు.

చేయదగినవి కష్టమైనవి కావు. సికింద్రాబాదులో 1984లో బుద్ధివికాసము ఆలస్యమైనవారి కొరకు స్థాపింపబడిన జాతీయ సంస్థ నేటికిని తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చుచున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో చిన్నబిడ్డలయందు వెదకు లోపములలో డౌన్ సిండ్రోము ఒకటి. ‘మేము పోయిన తరువాత వీనిని ఎవరు చూతురు?’ అని ప్రతి తల్లియు రాత్రులు అడుగుకొను ప్రశ్నకు, 1999లో చేయబడిన నేషనల్ ట్రస్టు చట్టము సంరక్షకుని నియమించు ఏర్పాటు చేసినది. ఇవి గలవని ఆ తల్లికి చెప్పువారెవరు? ఆమెతోకూడ ఆ కార్యాలయమునకు పోవువారెవరు? ఒక ఆదివారము ఆ బిడ్డను తాము చూచుకొని ఆమెను విశ్రాంతిగా ఆరాధనలో కూర్చుండనిచ్చువారెవరు? మన సండేస్కూలులో ఆ బిడ్డకు చాప వేయబడినదా?

యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివాడు. దావీదు వానిని పిలిపించి తన బల్లయొద్ద తన కుమారులవలె భోజనము చేయుటకు చోటు ఇచ్చెను. ఆ బల్ల క్రింద వాని కాళ్లు కనబడవు. కూర్చున్నవారందరును సమానముగా కనబడుదురు. వాని కాళ్లు బాగుపడలేదని లేఖనము దాచలేదు. చోటు మాత్రము ఇయ్యబడెను.

ఎంతమందిని కనుగొనెను, ఎంతమందిని తప్పిపోనిచ్చెను, ఎంత ఖర్చాయెను అని వైద్యులు పరీక్షను తూచుదురు. ఆ తూనిక అవసరమే, దానిని మనము తృణీకరింపరాదు. దానికి క్రైస్తవుడు చేర్చవలసిన తూనిక ఒకటి: కనుగొనబడిన బిడ్డకు మన బల్లయొద్ద చోటు గలదా? చోటు లేనిచోట ఎంత ఖచ్చితమైన పరీక్షయైనను ఆ తల్లికి ఒక్క త్రోవనే చూపును. ‘తీసివేయవద్దు’ అని ఆమెకు చెప్పిన ప్రతి సంఘమును, ఆ మాటతోనే ఆ బిడ్డ భారములో తన వంతు మోయుటకు ఒప్పుకొనినది. ఆ ఒప్పుదలను నెరవేర్చుటకు ప్రభువు మనకు కృప అనుగ్రహించునుగాక.